ఎదురుగాలి లేని సాయంత్రం

జీపు ఇంజన్ మోగుతూనే ఉంది. ఛైర్మన్ భార్య దానికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ బానెట్ మీద ఆనించింది, ఆ బండిని తన బలంతోనే ఆపుతున్నట్టు.

"పెద్దమ్మగారూ, పక్కకి జరగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మూడోసారి. "మీ ఆయన్ని చంపిన మనిషిని కోర్టుకి తీసుకెళ్తుంటే మీరే అడ్డం పడితే ఎలాగండీ?"

"నా కోడలు చంపలేదు."

"ఆ మాట జడ్జిగారు చెబుతారు."

"ఆయన చెప్పేదాకా దాన్ని లోపలే పెడతారుగా. నేను జరగను. తొక్కించుకుంటూ పో నాయనా, ఇద్దరి పీడా ఒకేసారి వదుల్తుంది."

జీపు వెనక సీట్లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ల మధ్య కోడలు కూర్చుని ఉంది. ఒంటి మీద గ్రీజు మరకల పని కోటు, చేతులకి బేడీలు. తల వంచుకుని బేడీల వంకే చూస్తోంది. ఆ బోల్టు ఎలా విప్పాలో ఆలోచిస్తున్నట్టుగా ఉంది ఆ చూపు. ఆమె విమానాల ఇంజనీరు మరి.

అప్పుడు టాక్సీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది డిటెక్టివ్. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పరుగు అలవాటు తప్పి చాలా కాలమైంది. ఆయాసంతో నోట మాట రాలేదు. అందుకని మాట్లాడే ప్రయత్నం కూడా చెయ్యలేదు. జీపు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి, ఊడబీకి, గుప్పిట్లో పెట్టుకుంది.

ఇంజన్ ఆగింది.

"వచ్చారా తల్లీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తమరి కోసమే కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాం. సర్కారు బండి తాళం లాక్కుంటే ఏ సెక్షను కిందకొస్తుందో తెలుసా?"

"తెలీదు. పుస్తకం తిరగేసి చెప్పండి. మీరు ఆ పేజీ వెతికేలోపు నా పని అయిపోతుంది."

ఒక కానిస్టేబులు దగ్గు నటించి నవ్వు దాచుకుంది.

"ఒక్క గంట," అంది డిటెక్టివ్. "ఇప్పుడు రెండు. కోర్టు ఐదింటిదాకా ఉంటుంది. గంట తర్వాత కూడా మీ మాటే నిలబడితే పెద్దమ్మగారిని నేనే చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్తాను."

ఇన్‌స్పెక్టర్ గేటు వైపు చూశాడు. కంచె అవతల ఇద్దరు విలేకరులు కెమెరాలు సర్దుకుంటున్నారు. భర్త పోయి మూడు రోజులు కూడా కాని ఆవిడని పోలీసులు ఈడ్చిపారేస్తున్న ఫొటో రేపు పేపర్లో ఎలా ఉంటుందో ఊహించుకున్నట్టున్నాడు, మీసం కొస ఒకసారి నలిపాడు.

"గంటే. ఆ తర్వాత క్లోజ్."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని చాటుగా 'క్లోజ్' అనే పిలుస్తారు. ఏ కేసైనా రెండు రోజుల్లో ఆ మాట అనకపోతే అతనికి నిద్ర పట్టదని చెప్పుకుంటారు.

ఈ కేసులో ఆ మాట అనడానికి అతనికి కారణాలు లేకపోలేదు. అది ఛైర్మన్ సొంత విమానాల కంపెనీ, సొంత రన్‌వే. చుట్టూ కంచె, ఒకటే గేటు. గేటు పక్కనే హ్యాంగర్. అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల రన్‌వే. దాని రెండో చివర, ఖాళీ ఇంధనం ట్యాంకుల వరుస వెనక, ఒక పాత షెడ్డు. మధ్యాహ్నాలు ఛైర్మన్ ఒంటరిగా ఆ షెడ్డులో కూర్చుని తన మొట్టమొదటి విమానం ఇంజన్ తుడుచుకుంటూ ఉంటాడు. మొన్న సాయంత్రం ఎవరో వెనక నుంచి అతని తల మీద బరువైన పానాతో కొట్టి చంపారు. నాలుగూ ఇరవై దాకా ఆయన ఫోన్లో మాట్లాడాడు. ఐదింటికి కోడలు శవాన్ని చూసి కేక పెట్టింది. ఆ మధ్యలో లోపల ఉన్నది ముగ్గురే: ఛైర్మన్, కోడలు, గేటు దగ్గర వాచ్‌మన్. కొడుకు నాలుగూ పదికే ఒంటరిగా విమానం తీసుకుని అవతలి నగరానికి వెళ్లిపోయాడు. పానా కోడలిది. దాని మీద వేలిముద్రలూ ఆమెవే. ఆ పొద్దున మామాకోడళ్లు గొంతులు చించుకుని పోట్లాడుకున్నారు.

"ఇంకేం కావాలి మీకు? ఆవిడ సంతకం చేసిన రసీదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ జీపు వెనక్కి వెళ్లింది.

"పోట్లాట దేనికి?"

కోడలు తలెత్తింది. "మావయ్య మా ఆయన్ని ఇక విమానం ముట్టుకోవద్దన్నారు. ఆ రోజుదే ఆఖరుదన్నారు. ఎందుకంటే చెప్పరు. పదకొండేళ్లుగా ఒక్క గీత పడకుండా నడుపుతున్న మనిషిని కారణం చెప్పకుండా దించేస్తారా అని అరిచాను. అరిచాను, నిజమే."

"మీ ఆయన కోసం అరిచారన్న మాట."

"మరెవరి కోసం అరుస్తాను?"

"నాలుగూ పది నుంచీ ఎక్కడున్నారు?"

"హ్యాంగర్లోనే. గ్రైండరు మీద ఒక బ్రాకెట్టు అరగదీస్తున్నాను. ముఖానికి మాస్కు, చెవిలో దూది. వాచ్‌మన్ ఎదురుగా స్టూలు మీదే ఉన్నాడు. నాలుగూ నలభైకి పని అయింది. పొద్దున పానా అక్కడే మర్చిపోయాను, మావయ్యకి సారీ కూడా చెప్పినట్టుంటుందని స్కూటరేసుకుని వెళ్లాను. వెళ్లేసరికి..." మిగతాది మింగేసింది.

"విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాలుగూ నలభైకి వెళ్లింది. ఐదింటికి కేకలు. ఆ రెండు కిలోమీటర్లకి ఇరవై నిమిషాలా? స్కూటరా, ఎడ్లబండా?"

"దారిలో రన్‌వే మీద పడ్డ ఇనప ముక్కలు ఏరుకుంటూ వెళ్లాను. రోజూ ఏరతాను. టైరుకి గుచ్చుకుంటాయి."

"కోర్టులో కూడా ఇదే చెప్పు. జడ్జిగారు ముచ్చట పడతారు."

పెద్దమ్మగారు జీపు ముందు నుంచి కదలకుండానే వింటోంది. డిటెక్టివ్ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అబ్బాయిని ఎందుకు దించేద్దామనుకున్నారు పెద్దాయన?"

ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది. "అది మా ఇంటి విషయం. దానికీ దీనికీ సంబంధం లేదు. నా కోడల్ని బయట పడెయ్యమ్మా, అంతే నిన్నడిగింది."

హ్యాంగర్ ముందు సిమెంటు నేల మీద తెల్లటి చిన్న విమానం నిలబడి ఉంది. ముందు ఒకటే పంకా, చక్రాల కింద రెండు వైపులా చెక్క దిమ్మలు. కొడుకు దాని చుట్టూ తిరుగుతూ రెక్కలు తడిమి చూస్తున్నాడు. కంపెనీలో అందరూ అతన్ని కెప్టెన్ అనే పిలుస్తారు. నలభై దాటలేదు, కాని రెండు రోజుల్లో బుగ్గలు పీక్కుపోయాయి. డిటెక్టివ్‌ని చూసి తనే ఎదురొచ్చాడు.

"మేడమ్, నేను అవతలికి వెళ్లి పెద్ద లాయర్ని వెంటబెట్టుకొస్తాను. రాత్రికల్లా బెయిలు పట్టించే మనిషి. అమ్మని కాస్త చూసుకోండి."

"ఎంత సేపట్లో వెళ్తారు?"

"ఇంధనం పట్టగానే. ఇంకో నలభై నిమిషాలు."

"అవతలికి ఎంత దూరం?"

"ఏడొందల నలభై కిలోమీటర్లు. పోవడం గంటా యాభై, రావడం గంటన్నర." అలవాటైన పాటలా వచ్చింది ఆ మాట. "ఎందుకడుగుతున్నారు?"

"లాయరు ఎప్పటికొస్తాడో లెక్క వేద్దామని."

ఇన్‌స్పెక్టర్ ఆమె భుజం మీదుగా ఒక కాగితం ఊపాడు. "మీకా శ్రమ ఎందుకు? నేనే వేశాను. అల్లాటప్పాగా కొడుకుని వదిలేశాననుకున్నారా? రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణం టైము చెప్పే వెబ్‌సైటుంది. ఇదిగో. ఏడొందల నలభై. గంటా నలభై. నేల మీద దొర్లే టైము ఇంకో పది వేసుకోండి. మొన్న ఇక్కడ దిమ్మలు లాగింది నాలుగూ పదికి, వాచ్‌మన్ లాగాడు. అవతల ఆగింది సరిగ్గా ఆరింటికి. అక్కడి వాళ్లని అడిగాను. గంటా యాభై. ఒక్క నిమిషం ఎక్కువ లేదు. మధ్యలో దిగి మనిషిని చంపి మళ్లీ ఎక్కాలంటే ఆ నిమిషాలు ఎక్కడి నుంచి తెస్తాడు, అప్పు తెస్తాడా?"

"బాగా వేశారు లెక్క," అంది డిటెక్టివ్. నిజంగానే అంది. ఆమె కూడా నిన్న రాత్రి అదే వెబ్‌సైటు చూసి, అదే లెక్క వేసి, కొడుకుని పక్కన పెట్టేసింది. పక్కన పెట్టాక నిద్ర పట్టలేదు. కారణం మాత్రం అంతుచిక్కలేదు.

హ్యాంగర్ లోపల మడతమంచం మీద కంపెనీ రెండో పైలట్ కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, ఛైర్మన్‌కి పాతికేళ్ల స్నేహితుడు. ఇంట్లో అందరికీ బాబాయ్. మొన్న సాయంత్రం అతను అవతలి నగరం నుంచి ఇటు వస్తున్నాడు. అతను దిగేసరికి గేటు దగ్గర పోలీసు జీపులున్నాయి.

"మీకు ఆ రోజు ఏదైనా తేడాగా అనిపించిందా బాబాయ్‌గారూ?"

"నాకేం తెలుస్తుందమ్మా. అందరికన్నా ఆఖర్న వచ్చాను. రోజూ గంటన్నరకి దిగేవాణ్ణి, ఆ రోజే గంటా యాభై పట్టింది. ముందే వచ్చుంటే వాణ్ణి ఆసుపత్రికి ఎత్తుకుపోయేవాణ్ణేమో అని లోపల తొలిచేస్తోంది." బూటు కింద పెట్టాడు. "దిక్కుమాలిన గాలి. దారంతా ముక్కు మీద గుద్దుతూనే ఉంది."

డిటెక్టివ్ వెళ్లబోతున్నదల్లా ఆగింది.

"రోజూ గుద్దదా?"

"ఇటు వచ్చేటప్పుడు గుద్దదు. ఏడాదిలో మూడొందల రోజులు ఇక్కడ గాలి అటు నుంచి ఇటే వీస్తుంది. అందుకే పోవడం గంటా యాభై, ఎదురుగాలి కాబట్టి. రావడం గంటన్నర, వెనక నుంచి తోస్తుంది కాబట్టి. ఎప్పుడో ఒకసారి తిరగబడుతుంది. మొన్న తిరగబడింది. పొద్దుటి నుంచీ ఇటు నుంచి అటే."

ఆమె పక్కనున్న పెట్టె మీద కూర్చుండిపోయింది.

"గాలి తిరగబడి మీకు రావడం గంటా యాభై అయితే," అంది నెమ్మదిగా, "ఆ గాలిలోనే పోయినవాళ్లకి ఎంత పట్టాలి?"

"గంటన్నర. అంతే కదా. రెండూ తారుమారు..." అతను అక్కడ ఆగిపోయాడు. చేతిలో బూటు గుడ్డ అలాగే ఉండిపోయింది. అతని కళ్లు హ్యాంగర్ తలుపులోంచి బయట తెల్లటి విమానం దాకా వెళ్లి, తిరిగి నేల మీదికి వచ్చాయి. "వద్దమ్మా. ఆ లెక్క వెయ్యకు. వాణ్ణి నేను ఎత్తుకుని తిప్పాను."

"ఈ లెక్క మీరెవరూ ఎందుకు వెయ్యలేదు? మీ ఇంట్లో అన్నం కన్నా విమానాలు ఎక్కువ."

"అదేనమ్మా జబ్బు. పోవడం గంటా యాభై అనేది మాకు పేరులాగా నోట్లో పడిపోయింది. ఆలస్యమైతే ఎందుకని అడుగుతాం. టైముకి దిగితే ఎవడూ అడగడు."

వాచ్‌మన్‌నీ బాబాయ్‌నీ తెల్ల విమానం దగ్గరే ఉండమని చెప్పి, ఆమె ఇన్‌స్పెక్టర్ని బతిమాలి జీపు పక్కనున్న మోటారుసైకిలు ఎక్కించింది. వెనక కూర్చుంటూ, "పాత షెడ్డుకి," అంది.

"నేనెందుకు మీకు డ్రైవరు పని చెయ్యాలి?"

"జీపు తాళం నా దగ్గరుంది కాబట్టి."

రన్‌వే పొడుగునా అతను గొణుగుతూనే ఉన్నాడు. ట్యాంకుల వరుస దాటాక హ్యాంగరూ గేటూ రెండూ కనుమరుగయ్యాయి. షెడ్డు తలుపుకి పది అడుగుల్లోనే రన్‌వే చివర. ఎగరబోయే విమానం వెనక్కి తిరిగే చోటు అదే.

లోపల పాత ఇంజన్, కిరోసిన్ డబ్బా, చింకి గుడ్డలు, ఒక ఆకురాయి, కిటికీ పక్కన కుర్చీ. నేల మీద సున్నంతో గీసిన మనిషి ఆకారం. డిటెక్టివ్ గోడలన్నీ వెతికింది.

"ఏం వెతుకుతున్నారు?"

"కరెంటు స్విచ్చి."

"లేదు. ఈ కొంపకి కరెంటే లేదు."

"మరి ఇక్కడ మోత చేసే మెషిను ఒక్కటీ లేదన్న మాట." ఆమె తలుపు పక్కన కొక్కేన్ని వేలితో తట్టింది. దాని వెనక గోడ మీద, మట్టి అంటని గుండ్రటి మచ్చలు రెండు. "ఇక్కడ తగిలించేది ఏమిటి?"

"చెవి కప్పులు. మోత వినపడకుండా చెవులకి బిగించుకునేవి. మా సామాను గదిలో ఉన్నాయి."

"ఈ కొక్కేనికి ఉన్నాయా, మీరు తీసినప్పుడు?"

"లేవు. శవం చెవులకే ఉన్నాయి." ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫోను తీసి ఫొటో చూపించాడు. బోర్లా పడ్డ తల, తెల్ల జుట్టు మీదుగా నల్లటి పట్టీ, రెండు చెవుల మీదా పచ్చ కప్పులు. "పని చేసుకునేవాడు పెట్టుకుంటాడు. అందులో వింతేముంది?"

"గుడ్డతో ఇనుము తుడుచుకోవడానికి చెవులు మూసుకోవాలా?"

అతను ఫొటోని వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూశాడు. ఈ కేసులో అతను దేన్నైనా రెండోసారి చూడడం అదే మొదటిసారి.

"నాలుగూ ఇరవై దాకా ఫోన్లో మాట్లాడారన్నారు. ఎవరితో?"

"డాక్టరు. టైము అడిగాను, చెప్పాడు. అంతకన్నా మనకెందుకు?"

ఆమె ఆ నంబరుకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. డాక్టరు గొంతు మర్యాదగా, జాగ్రత్తగా ఉంది.

"ఛైర్మన్‌గారు మొన్న మీతో మాట ముగించి పెట్టేశారా, మధ్యలో పెట్టేశారా?"

"మధ్యలోనే. విమానం ఏదో దగ్గరికి వచ్చినట్టుంది, ఒకటే మోత. మీరు చెప్పేది వినపడట్లేదు, ఇది పోగానే మళ్లీ చేస్తాను అన్నారు."

"చేశారా?"

"లేదు. ఏడింటిదాకా చూశాను."

"మీరు ఏం డాక్టరు?"

"పైలట్లకి ఏడాదికోసారి పరీక్ష చేసి, నడపడానికి పనికొస్తారని సర్టిఫికెట్టిస్తాను."

"ఛైర్మన్ విమానం నడపడం మానేసి పదేళ్లయింది. ఎవరి గురించి మాట్లాడారు?"

"రోగి విషయం ఫోన్లో చెప్పకూడదు మేడమ్."

"రోగి ఛైర్మన్ కాదని మాత్రం చెప్పగలరా?"

"కాదు," అన్నాడు డాక్టరు. ఫోను పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టర్ షెడ్డు గుమ్మంలో నిలబడి రన్‌వే చివర వంక చూస్తున్నాడు. పది అడుగులు. అతను మూర్ఖుడేమీ కాదు. తొందర మనిషి, అంతే. "ఫోను చెవి దగ్గరున్నంత సేపు కప్పులు పెట్టుకోలేడు," అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. "పెట్టేశాక పెట్టుకున్నాడు. విమానం పోగానే తీసేసి డాక్టరుకి చెయ్యాలి. తియ్యలేదు."

"అంటే?"

"విమానం బయట మోగుతుండగానే పోయాడు." మీసం మీది నుంచి చెయ్యి దింపేశాడు. "ఆ టైములో కోడలు హ్యాంగర్లో గ్రైండరు మీద ఉంది. వాచ్‌మన్ కళ్లెదురుగా."

"క్లోజ్ చేద్దామా?" అంది డిటెక్టివ్.

"ఎక్కండి బండి," అన్నాడు అతను.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఇంధనం బండి వెళ్లిపోయింది. వాచ్‌మన్ ఒక పక్క దిమ్మలు లాగేశాడు, రెండో పక్కవి లాగడానికి వంగుతున్నాడు. కెప్టెన్ నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఒక్క నిమిషం కెప్టెన్," అంది డిటెక్టివ్. "లెక్కలో నాకో ఇరవై నిమిషాలు తేలడం లేదు. మీరైతే ఇట్టే చెబుతారు."

"అడగండి."

"మొన్న మీకు వెనక గాలి. గంటన్నరలో దిగాలి, అంటే ఐదూ నలభైకి. ఆరింటికి దిగారు. ఎందుకు?"

అతని ముఖంలో ఏ మార్పూ రాలేదు. "ఇంజన్ తగ్గించి నడిపాను. ఇంధనం ఆదా. గాలి ఎలాగూ తోస్తోంది కదా అని."

"నాన్నగారు ఇదే నీ ఆఖరి ప్రయాణం అన్న రోజున ఇంధనం ఆదా చేశారా?"

"కంపెనీ నాది కూడా మేడమ్."

"షెడ్డు దగ్గర ఎంత సేపు ఆగారు?"

"ఆగలేదు. చివరిదాకా దొర్లించుకుంటూ వెళ్లాను, తిప్పాను, లేచాను. నాలుగూ ఇరవై రెండు అయ్యుంటుంది."

డిటెక్టివ్ వాచ్‌మన్ వైపు తిరిగింది. ఒంటి మీద యూనిఫాం ఉన్నా, లేనట్టే ఒదిగి నిలబడే మనిషి. "ఏమయ్యా, రోజూ ఈ విమానం ఎటు లేస్తుంది?"

"రోజూ ఇక్కడి నుంచే మొదలెట్టి అటు లేచిపోద్దండి. గాలికి ఎదురు లేవాలంట కదండీ."

"మొన్న?"

"మొన్న గాలి తిరగబడిందని ఆ చివరికెళ్లి, ఇటు లేచిందండి. నా నెత్తి మీద నుంచే పోయింది. టోపీ ఎగిరిపోయింది కూడానండి."

"ఎప్పుడు?"

"టైము చూడలేదండి." బుర్ర గోక్కున్నాడు. "చిన్నమ్మగారు గ్రైండరు ఆపి మాస్కు తీస్తున్నారు. నేను టోపీ వెతుక్కుంటున్నాను. దొరికేలోపే ఆవిడ స్కూటరు తీశారు. దానికి కాస్త ముందు."

"స్కూటరు నాలుగూ నలభైకి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, అతని గొంతులో వెటకారం ఎక్కడా లేదు. "ఇది నాకెందుకు చెప్పలేదురా?"

"దిమ్మలు ఎప్పుడు లాగావు అని అడిగారండి. చెప్పాను. టోపీ గురించి అడగలేదండి."

ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ మెట్టు మీది నుంచి కాలు దించలేదు, పైకి ఎక్కలేదు.

"నాలుగూ పదికి దిమ్మలు తీశారు," అంది డిటెక్టివ్. "లేచింది నాలుగూ నలభైకి కాస్త ముందు. మధ్యలో ఇంజన్ ఆపకుండా షెడ్డు ముందు నిలిపారు. ఇక్కడున్న వాళ్లకి గ్రైండరు మోత. పెద్దాయనకి చెవి కప్పులు. వెనక నుంచి ఎవరొచ్చినా వినపడదు. పానా అక్కడే ఉంది, వేలిముద్రలు పడకుండా దాన్ని పట్టుకోవడానికి చింకి గుడ్డలూ అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత మీరు పైన ఇంజన్ తగ్గించలేదు కెప్టెన్. ఉన్నంత వేగంతోనూ పరిగెత్తించారు. ఎప్పుడూ పట్టే గంటా యాభై దాటకూడదని. ఆ గాలి దయవల్ల అందుకున్నారు కూడా. ఒక పావుగంట ఆలస్యంగా దిగుంటే ఏదో సాకు చెప్పుకునేవారు, నేను నమ్మేదాన్ని. టైముకి దిగారు చూడండి, అక్కడే పప్పులో కాలేశారు."

"మా నాన్నని నేనెందుకు చంపుతాను?" కెప్టెన్ గొంతు పెంచలేదు. "ఒక్క కారణం చెప్పండి. ఒక్కటి."

"అది నా దగ్గర లేదు." డిటెక్టివ్ జీపు వైపు చూసింది. "పెద్దమ్మగారి దగ్గరుంది."

ఆవిడ బానెట్ మీది నుంచి చేతులు తీసింది. చెప్పలేదు. చూపు కొడుకు మీద ఒకసారి, జీపులో బేడీల మీద ఒకసారి ఆగింది.

"అమ్మా, లోపలికెళ్లి కూర్చో," అన్నాడు కెప్టెన్. "ఎండగా ఉంది. నాకు టైమవుతోంది, లాయరు చూస్తుంటాడు."

అంటూనే రెండంగల్లో పైకెక్కి తలుపు వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ పరిగెత్తేసరికి లోపల గడియ పడింది. పంకా ఒకసారి నీరసంగా తిరిగి, రెండోసారి ఊపందుకుని, మూడోసారికి రెక్కలు కనపడనంత వేగం అందుకుంది. హ్యాంగర్లో దుమ్మంతా లేచింది. వాచ్‌మన్ టోపీ మళ్లీ ఎగిరిపోయింది.

"దిమ్మలు," అని అరిచాడు బాబాయ్. అరవై ఏళ్ల మనిషి నేల మీద పాకుతూ వెళ్లి, తీసేసిన చెక్క దిమ్మని బూటు కాలితో చక్రం కిందికి తన్నాడు. విమానం దాన్ని ఎక్కడానికి ఒక్క ఊపు ఊగింది.

అప్పుడు అందరూ చూశారు. ఛైర్మన్ భార్య జీపు ముందు నుంచి నడిచి వస్తోంది. తొందర లేదు. చీర కొంగు గాలికి జెండాలా కొట్టుకుంటోంది. తిరుగుతున్న పంకాకి నాలుగడుగుల దూరంలో ఆగి, అద్దం వెనకున్న కొడుకు ముఖంలోకి చూస్తూ నిలబడింది.

డిటెక్టివ్ ఆమె వెనక్కి చేరి నడుం పట్టుకుంది. లాగలేదు. లాగితే ఆ మనిషి ముందుకే పడుతుందని ఆమెకి అనిపించింది.

ఇంజన్ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అద్దం వెనక కెప్టెన్ చెయ్యి ఊపాడు, జరగమని. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. అతను మళ్లీ ఊపాడు. ఈసారి ఆ చెయ్యి మధ్యలోనే దిగి ఇంజన్ మీట వైపు వెళ్లింది.

రెక్కలు ఒకటొకటిగా కనపడసాగాయి. పంకా ఆగింది. అంతటి హోరు తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో జీపులో బేడీల గలగల కూడా వినిపించింది.

"వాడికి మూర్ఛ," అంది ఆవిడ, అద్దం మీది నుంచి చూపు తిప్పకుండానే. "ఈ ఏడాదిలో రెండుసార్లు పడిపోయాడు. రెండుసార్లూ నేనే పట్టుకున్నాను. ఎవరికీ చెప్పకమ్మా, ఎగరకపోతే బతకలేనన్నాడు. నేను చెప్పలేదు. మూడోసారి ఆయన చూశారు. డాక్టరుకి చెప్పేస్తానన్నారు, జనాన్ని ఎక్కించుకుని తిరిగే మనిషి, రేపేదైనా జరిగితే ఎవరిదా పాపం అన్నారు."

"అత్తయ్యా," అంది కోడలు జీపులోంచి. ఆమెకి ఇప్పుడే తెలుస్తోందని ఆ ఒక్క మాటలోనే అందరికీ అర్థమైంది.

"రెండు రోజులుగా కాదు, కాదు అనుకుంటున్నాను. పైన ఉన్నాడుగా, ఎలా అవుతుంది అనుకుంటున్నాను." ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "పెళ్లాన్ని బేడీలేసి కూర్చోబెట్టినా నోరు మెదపకుండా రెక్కలు తడుముకుంటూ తిరిగాడు చూశావా నాయనా, అప్పుడు తెలిసింది నాకు. కాని నోరు రాలేదు."

డిటెక్టివ్ గుప్పిట విప్పి జీపు తాళం ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు గాని కదల్లేదు. ఆవిడ మాట కోసం ఆగాడు. ఈ కేసులో ఆఖరి మాట తను అనకూడదని అతనికి కూడా తెలిసినట్టుంది.

"దాని బేడీలు విప్పండి," అంది ఛైర్మన్ భార్య. "మా ఆయన్ని చంపింది నా కొడుకు."